తూము లేపని మనిషి

చాలా ఏళ్లుగా ఒక ప్రశ్నను మోస్తున్నాను. నన్ను ఎవరో అడిగిన ప్రశ్న కాదు. నేను తయారుచేసి, నా విద్యార్థుల నోట ఇంటింటా అడిగించిన ప్రశ్న. చూడబోతే ఒక్క వాక్యం. దాని గురించి రాద్దామని ఇదివరకు కూడా కూర్చున్నాను. ప్రతిసారీ ఏదో పని గుర్తొచ్చి లేచిపోయాను. ఈసారి లేవను. తప్పించుకోవడానికి కూడా ఓపిక కావాలి, అది నాలో తగ్గిపోయింది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెబితే, ఎలక్షన్లలో అందరూ చేసేదే కదా సారూ అంటారు. ఆ మాట విని నేను ఊరుకుంటాను కూడా. ఆ ఊరట నాకు వద్దు. నా పేరు రాయడం లేదు. ఇందులో వచ్చే పేర్లు కూడా అసలువి కావు. పేరు దాచుకుని తప్పు ఒప్పుకుంటే అది ఎంతవరకు ఒప్పుకోవడం అవుతుంది? నాకూ అనుమానమే. అయినా మొదలుపెట్టాను కాబట్టి చెబుతాను.

నేను వనపర్తిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పేవాణ్ణి. అమెరికా అధ్యక్షుడి ఎన్నిక మా సిలబస్‌లో ఒక పాఠం. ఎన్నిక విధానం చెబుతుంటే క్లాసు మొత్తం కునికిపాట్లు పడేది. ఒకరోజు విసుగొచ్చి పుస్తకం మూసేసి, అసలు అక్కడ అభ్యర్థులు ఎట్లా గెలిచారో కబుర్లలాగా చెప్పాను. ఒకాయన ఎక్కడికీ పోకుండా తన ఇంటి ముందు అరుగు మీదే కూర్చున్నాడు, జనమే రైళ్లెక్కి ఆయన దగ్గరకు వచ్చారు. ఇంకొకాయన రైలు చివరి పెట్టె మీద నిలబడి చిన్న చిన్న స్టేషన్లలో కూడా ఆగి మాట్లాడాడు. ఒకాయన టీవీ చర్చకు నిగనిగలాడుతూ వచ్చాడు, ఎదుటాయన గడ్డం నీడతో, చెమటతో నీరసంగా కనబడ్డాడు, జనం మాటల కంటే ముఖాలే చూశారు. పిల్లలు లేచి కూర్చున్నారు. ఆ తర్వాత ప్రతి ఏడూ ఆ కబుర్లు పెరిగాయి. కొత్త పుస్తకాలు తెప్పించుకుని చదివాను. అబద్ధమెందుకు, నాకు అవి పాఠం కంటే ఎక్కువగా నచ్చాయి. గెలుపు వెనక ఉండే తెలివి నచ్చింది. అది నాకూ ఉందనుకోవడం ఇంకా నచ్చింది.

ఆ రోజుల్లోనే మా బావ సర్పంచ్ ఎన్నికల్లో నిలబడ్డాడు. బావ అంటే మా అక్క భర్త. పాన్‌గల్ మండలంలో వాళ్ల ఊరు. నాకు ఎన్నికల విద్య తెలుసని అక్క అందరికీ చెప్పుకుంది. నేను సెలవు పెట్టి వెళ్లాను. మొదట చేసినవన్నీ అమాయకమైన పనులే. వాళ్లకు రైలు, మా బావకు ట్రాక్టర్. ట్రాలీ వెనక నిలబెట్టి ప్రతి వాడకట్టులో ఆపి మాట్లాడించాను. బావకు మాట్లాడటం రాదు. రెండు ముక్కలు చెప్పి, అంతే ఇగ, అని దండం పెట్టేవాడు. అరుగు మీద కూర్చోబెడితే జనం వచ్చారు గానీ చాయ్ తాగి, క్రికెట్ ముచ్చట పెట్టుకుని వెళ్లిపోయారు. మేం ఓడిపోతున్నామని నాకు అర్థమైంది.

ఎదుట నిలబడ్డ మనిషి హన్మంతన్న. పెద్ద ఆసామి కాదు. కాలువ చివర కొంచెం భూమి, దాంట్లో పల్లి, ఇంత వరి. ఆయనకున్న బలం ఒక్కటే. అంతకు ముందటేడు వానలు పడక, కాలువకు ఎత్తిపోతల లిఫ్టు నీళ్లు తగ్గించి వదిలారు. ఊళ్లో కొట్లాటలు మొదలయ్యాయి. అప్పుడు అందరూ కలిసి నీళ్ల వంతులు ఆయన చేతిలో పెట్టారు. ఎవరి వంతు వస్తే వాళ్ల తూముకున్న ఇనుప తలుపు లేపాలి, వంతు అయిపోగానే దించాలి. ఆయన ఉన్న నీళ్లలోనే అందరికీ వంతు ఇచ్చి తన చేనికి ఆఖరున పెట్టుకున్నాడు. సగం ఎండిపోయింది. ఆ సగం ఎండిన చేనే ఆయనకు ఓట్లు తెచ్చిపెట్టేలా ఉంది.

పుస్తకాల్లో ఒక కిటుకు చదివాను. ఎదుటివాడి లోపాన్ని వెతుక్కోవడం దండగ, అతని బలం ఎక్కడుందో అక్కడే కొట్టాలని. ఇంకో కిటుకు కూడా ఉంది. నింద నువ్వు వేయనక్కర్లేదు, సర్వే పేరుతో ప్రశ్నగా అడిగించు. నింద వేస్తే సాక్ష్యం ఏదంటారు. ప్రశ్నకు సాక్ష్యం ఎవరడుగుతారు?

కాలేజీ ప్రాక్టికల్స్ అని చెప్పి మా పిల్లల్ని ఆ ఊరికి తీసుకెళ్లాను. ఇంటింటికీ తిరిగి అడగమన్నాను. తాగే నీళ్లు సరిగ్గా వస్తున్నాయా, వీధి దీపాలు వెలుగుతున్నాయా, పింఛన్లు అందుతున్నాయా. వాటి మధ్యలో ఇది పెట్టాను. కిందటేడు నీళ్ల వంతుల్లో హన్మంతు తన బామ్మర్ది చేనికి రాత్రిపూట తూము లేపాడని తెలిస్తే, ఆయనకు ఓటు వేస్తారా?

అలాంటి సంగతి ఎవరూ నాకు చెప్పలేదు. ఎక్కడా వినలేదు. సెలవు అయిపోయి కాలేజీకి వచ్చాక, స్టాఫ్ రూములో, టిఫిన్ తింటూ కల్పించాను. బామ్మర్ది అని ఎందుకు పెట్టానంటే, ఆ బంధుత్వం దగ్గర జనం తొందరగా నమ్ముతారని. ఆ ముక్క తట్టినప్పుడు నాలో నేను నవ్వుకున్నాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుర్తుంది. మిగతావన్నీ కొంచెం కొంచెం మరిచిపోతున్నాను, అదొక్కటి పోవడం లేదు.

పిల్లలు నన్ను అడగలేదు. సారు ఇచ్చిన ప్రశ్న కదా, నిజమే అయి ఉంటుందనుకున్నారు. ఊళ్లో వాళ్లు కూడా, కాలేజీ పిల్లలు ఊరికే అడుగుతారా అనుకున్నారు. ఆ ఏడు చేను ఎండిపోయినవాళ్లు చాలామందే ఉన్నారు. తమ చేను ఎందుకు ఎండిందో వాళ్లకు అప్పటిదాకా తెలియదు. వాన పడలేదు, అంతే. ఇప్పుడు ఒక కారణం దొరికింది. చాయ్ హోటల్ దగ్గర ఒకాయన, ఆ రాత్రి తనకు కాలువ గట్టు మీద బ్యాటరీ లైటు కనబడిందని కూడా చెప్పాడట. ఏ రాత్రి? నేను కల్పించిన రాత్రి. అది విని నేను భయపడాల్సింది. భయపడలేదు. పని చేస్తోందనుకున్నాను.

హన్మంతన్న కొట్లాటకు రాలేదు. కృష్ణ ఒడ్డున ఉన్న బీచుపల్లి ఆంజనేయుడి గుడికి పోయి అంజన్న ముందు ప్రమాణం చేస్తానన్నాడు. మా వైపు ఇది ఉంది. నింద పడ్డ మనిషి కృష్ణలో మునిగి, తడిబట్టలతో గుడి ముందు నిలబడి ప్రమాణం చేస్తాడు. చేసినవాడి మాట నమ్మాలి. కానీ ఆ తర్వాత కొన్నాళ్లపాటు ఊరంతా ఆ ఇంటిని కనిపెట్టుకుని ఉంటుంది. ఆ ఇంట్లో కీడు ఏదైనా జరిగితే, దేవుడు చూపించాడంటుంది. ప్రమాణం చేయడమంటే ఇంటిని పందెం పెట్టడమే. తప్పు చేయనివాడే అంత ధైర్యం చేస్తాడు.

బావ వణికిపోయాడు. దేవుని దగ్గర మనకు ఆట వద్దు, సర్వే తప్పని చెప్పేద్దాం అన్నాడు. నేను ఆపాను. అమెరికా ముచ్చట్లలో అదీ ఉంది. ఎదుటివాణ్ణి కాదనేలా చేస్తే చాలు, కాదన్నకొద్దీ ఆ మాటే జనం చెవిలో పడుతుంది. ఆయన ఆటోలు కట్టుకుని ఊరి నడిమధ్య నుంచి బీచుపల్లికి వెళ్తే, అప్పటిదాకా ఆ సంగతి వినని వాళ్లు కూడా వింటారు. ఆయన్ను పోనివ్వు బావా అన్నాను. బావ నన్ను చూసిన చూపులో అసహ్యం ఉందో, మెచ్చుకోలు ఉందో ఇప్పటికీ తెలియదు. రెండూ ఉన్నాయేమో.

ఆయన వెళ్లాడు. భార్య ఎంకటమ్మ కూడా వెళ్లింది. ఇద్దరూ నదిలో మునిగారు. గుడి ముందు ఆయన తడి చెయ్యి ఆమె నెత్తి మీద పెట్టి, నేను ఎవరి చేనికీ దొంగతనంగా తూము లేపలేదు, లేపి ఉంటే దీని మీదికి రానీ, అన్నాడట. నేను అక్కడ లేను. చూసొచ్చినవాళ్లు చెబితే విన్నాను. భార్యను మించి ఆయన దగ్గర పందెం పెట్టడానికి ఇంకేమీ లేదని అప్పుడు నాకు తోచలేదు.

బావ గెలిచాడు. పెద్ద తేడా కాదు. సర్పంచ్‌గా చెడ్డగా కూడా చేయలేదు, ఉన్నంతలో సిమెంటు రోడ్లు వేయించాడు. ఇక్కడితో ఆగి ఉంటే, బహుశా నేను ఇది రాసేవాణ్ణి కాదు. ఒక మంచి మనిషిని అన్యాయంగా ఓడించాను అని అప్పుడప్పుడు అనుకుని, నిద్రపోయేవాణ్ణి. నా మీద నాకు ఆపాటి అంచనా ఉంది.

ఆ పంటకాలంలోనే, పల్లి చేలో పీకుడుకు పోయిన ఎంకటమ్మ చేలోనే పడిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి వంకర పోయింది. పక్షవాతం. బీపీ ఉందట, ఎన్నడూ చూపించుకోలేదు. ఊరికి బీపీ కనబడలేదు. అంజన్న చూపెట్టిండు అన్నారు. ఎవరి నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడో ఆ మనిషే పడిపోయింది కదా, ఇంకేం సాక్ష్యం కావాలి? అంతవరకు ఆయన పక్షాన ఉన్నవాళ్లు కూడా తలకాయ దించుకున్నారు.

ఆమెను వనపర్తి దవాఖానలో చేర్చారు. మా అక్క ఫోన్ చేసి, మన ఊరి మనిషి, ఒకసారి చూసిరా అంది. అక్కకు ఏమీ తెలియదు. మధ్యాహ్నం కాలేజీ అయ్యాక అరటిపండ్లు తీసుకుని వెళ్లాను. వార్డు బయట బల్ల మీద హన్మంతన్న కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. లేవొద్దన్నా వినలేదు. అప్పుడు జరిగిన మాటలు ఇవి. ఒక్క అక్షరం మార్చకుండా రాయాలని చూస్తున్నాను.

"సారూ, మీరు సదువుకున్నోళ్లు. ఒక మాట అడుగుత, తప్పుగ అనుకోకున్రి. మనిషి తనకు తెల్వకుంట తప్పు చేస్తడా?"

"గట్లెందుకు అడుగుతున్నవ్ అన్నా?"

"నిద్రల లేచి పోయి తూము లేపిన్నా ఏంది అని. లేపకపోతే ఈమెకు గిట్లెందుకయితది? నెత్తి మీద చెయ్యి వెట్టి చెప్తిని గదా. ఈమె గదే అడుగుతుంది. నిజం చెప్పు, నిజం చెప్పు అంటది. నా చేతి బువ్వ తింటలేదు, కోడలు పెడితే తింటుంది. నేను లేపలే అంటే నమ్ముతలేదు సారూ."

అరటిపండ్ల సంచి చెయ్యి మార్చుకున్నాను. ఆయన కొంచెం దగ్గరికి జరిగాడు.

"మీ కాలేజి పిల్లలు సర్వేల అడిగిన్రంట గా మాట. వాళ్లకు ఎవరు చెప్పిన్రో జర కనుక్కోన్రి. కొట్లాటకు కాదు. గా మనిషిని తోల్కొచ్చి ఈమె ముందల ఒక్క మాట చెప్పిస్త. నేను చూడలే, ఉత్తగ అన్న, అని చెప్తే చాలు. ఈమె పానం కుదుటపడ్తది."

ఆయన ఆ మనిషిని వెతుకుతున్నాడు. ఆ మనిషి అరటిపండ్ల సంచి పట్టుకుని ఆయన ఎదురుగానే నిలబడి ఉన్నాడు. తలుపు దాటితే ఆమె మంచం. ఒక్క మాట. నన్ను క్షమించమని ఆయన్ను అడగక్కర్లేదు కూడా, కొట్లాటకు కాదని ఆయనే చెప్పాడు.

"పిల్లలు ఊర్లనే ఎవరో అనుకుంటుంటె విన్నరంట అన్నా. ఎవరో నాకు తెల్వదు."

ఇదీ నేనన్నది. అట్లనా, అన్నాడు ఆయన. ఊర్లనే అనుకున్నరా, అని ఇంకోసారి తనలో తాను అనుకున్నాడు. ఊళ్లో తనను చూసినవాళ్లు నిజంగానే ఎవరో ఉన్నారన్న ఆలోచన ఆయన ముఖంలోకి రావడం నేను చూశాను.

లోపలికి వెళ్లాను. ఎంకటమ్మ నన్ను గుర్తుపట్టింది. వంకరపోయిన నోటితో, ఒక్కొక్క ముక్క కూడదీసుకుని అడిగింది.

"సారూ... మా ఇంటాయన... లేపిండా?"

"గవన్నీ ఇప్పుడెందుకక్కా. ముందు పానం బాగుచేసుకో."

ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది. లేపలేదని తెలిసినవాడు లేపలేదనే చెబుతాడు కదా. చదువుకున్న సారు మాట దాటేశాడంటే ఇంక అర్థం ఏముంటుంది? ఆమెకు అర్థమైంది. పండ్లు బల్ల మీద పెట్టి బయటికొచ్చాను. హన్మంతన్న గేటు దాకా వచ్చి సాగనంపాడు.

ఎందుకు చెప్పలేదు? ఇన్నేళ్లలో చాలా జవాబులు చెప్పుకున్నాను. బావ పదవి పోతుంది. అక్క ఆ ఊళ్లో తల ఎత్తుకోలేదు. నా ఉద్యోగం పోతుంది, పోలీసు కేసు కూడా కావచ్చు. ఇవన్నీ నిజమే గానీ, ఆ క్షణాన ఇవేవీ నా తలలో లేవు. ఆ ప్రశ్న ఎంత బాగా పనిచేసిందో అప్పటికే కాలేజీలో ఒకరిద్దరు లెక్చరర్లకు గొప్పగా చెప్పుకున్నాను. అదే ప్రశ్న గురించి ఒక దవాఖాన వరండాలో తలదించుకుని చెప్పాలంటే, తెలివిగలవాణ్ణి అని నా గురించి నేను అనుకున్నదంతా అక్కడ వదిలేసి రావాలి. అది నావల్ల కాలేదు. సిగ్గుపడటానికి సిగ్గుపడ్డాను. ఒక మనిషి కాపురం కంటే అది నాకు ఎక్కువైంది. ఇంతకంటే మంచి కారణం ఏదైనా దొరుకుతుందేమోనని చాలా వెతికాను. దొరకలేదు.

ఎంకటమ్మ ఆ తర్వాత ఏడాదికి పైగా మంచంలోనే ఉండి చనిపోయింది. ఆఖరి దాకా ఆయన చేతి ముద్ద తినలేదని మా అక్క చెప్పింది. ఏమి పంతమో పాపం, అంది అక్క. నేను అవునన్నాను. చావుకు వెళ్లలేదు. పరీక్షల డ్యూటీ ఉందని చెప్పాను. డ్యూటీ నిజంగానే ఉంది, అడిగితే మార్చేవాళ్లు.

ఇప్పుడు నేను కాలేజీ మానేశాను. అయినా ఎన్నికలు వస్తే నాగర్‌కర్నూల్ నుంచీ గద్వాల నుంచీ కూడా కుర్రవాళ్లు ఫోన్లు చేస్తారు. సార్, ఏదైనా ఐడియా చెప్పండి అంటారు. వాళ్లకు నా ఐడియాలు అక్కర్లేదు నిజానికి. మేం ఇంటింటికీ తిరిగి చేసిన పనిని వాళ్లు కూర్చున్న చోటు నుంచి ఫోన్లో చేస్తున్నారు. ఒంట్లో బాగాలేదని చెప్పి పెట్టేస్తాను. వద్దని చెప్పొచ్చు కదా? దీని వల్ల ఏమవుతుందో నేను చూశాను అని చెప్పొచ్చు కదా? చెబితే, ఏం చూశారు సార్ అంటారు. అక్కడ ఆగిపోతాను.

ఈ మధ్య గద్వాలలో బంధువుల ఇంట్లో పెళ్లికని బస్సులో వెళ్తున్నాను. పెబ్బేరులో హన్మంతన్న ఎక్కాడు. ముసలివాడయ్యాడు. నన్ను చూసి నవ్వి, నా పక్కనే కూర్చున్నాడు. చేతిసంచిలో కొబ్బరికాయ ఉంది. ఎక్కడికన్నా అని అడిగాను. బీచుపల్లికి అన్నాడు. ఏడాదికోసారి వెళ్లి తప్పయిందని మొక్కి వస్తాడట. ఏం తప్పు అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు. తెలిసి కూడా అడిగాను.

"తూము సంగతే సారూ. లేపిన్ననుకుంట. ఎప్పుడు లేపిన్నో యాదికొస్తలేదు గని."

పాత మోకాలి నొప్పి గురించి చెప్పినంత మామూలుగా అన్నాడు. అందులో కోపం లేదు, ఏడుపు లేదు. ఇన్నేళ్లు ఊరితో, భార్యతో, తనతో తాను వాదించి వాదించి అలిసిపోయి, చివరికి అవతలి పక్షం మాటే ఒప్పేసుకున్నాడు. చెప్పడానికి దారి పొడుగునా టైముంది. కండక్టర్ వచ్చాడు, టికెట్ తీసుకున్నాం. వానల గురించి మాట్లాడుకున్నాం. బస్సు కృష్ణ బ్రిడ్జి దాటి బీచుపల్లి దగ్గర ఆగింది. పోయొస్త సారూ, అని దిగాడు. నేను కూర్చునే ఉన్నాను. బస్సు గద్వాల వైపు కదిలింది. పెళ్లికి వెళ్లాను. భోజనం కూడా చేశాను.

ఆ సాయంత్రం నుంచి ఇది రాయాలని అనుకుంటున్నాను. ఇది ఆయన చదవడు. చదివినా తన పేరు ఉండదు, నా పేరు ఉండదు. ఎంకటమ్మ వినదు. రేపు వెళ్లి ఆయనకు చెబుతానని మీకు మాటివ్వలేను, నా మాట ఎంతమాత్రమో మీరు ఇప్పటిదాకా చదివారు. చెబితే మాత్రం ఏమవుతుంది? తప్పు చేశానని ఒప్పుకుని ఎలాగో కుదుటపడ్డ మనిషికి, చేయలేదని చెప్పాలి. నీ భార్య ఊరికే నిన్ను దూరం పెట్టి చనిపోయిందని చెప్పాలి. అది ఆయనకు మేలో కీడో నాకు తెలియడం లేదు. ఈ అనుమానం కూడా నాకు అనుకూలంగానే ఉందని నాకు తెలుసు.

అందుకని, దవాఖానలో ఆ మంచం పక్కన చెప్పాల్సిన మాట ఇక్కడ రాస్తున్నాను. అక్కా, నీ ఇంటాయన తూము లేపలేదు. ఆయన నీ నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పింది నిజం. ఆ రాత్రి ఎవరూ లేపలేదు. అసలు అట్లాంటి రాత్రే లేదు. నేను కల్పించాను.

రాశాను. ఛాతీలో కొంచెం బరువు దిగినట్టే ఉంది. దిగాల్సింది నాది కాదు.